నొప్పి ఎక్కడో తెలిస్తే సగం సీటు దొరికినట్టే

బరంపురం నుంచి గోపాలపూర్ వైపు తెల్లవారుజామున సైకిళ్ళు తొక్కేవాళ్ళలో రోడ్డు సైకిలు కొత్తగా కొన్నదెవరో చెప్పడం తేలికే. వాళ్ళ సీటు మీద మెత్తటి జెల్ కవరు తొడిగి ఉంటుంది. సన్నగా, గట్టిగా ఉన్న సీటు చూడగానే దాన్ని మెత్తగా చేస్తే నొప్పి పోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. మొదటి ఐదారు కిలోమీటర్లు ఆ మాట నిజమే అన్నట్టు ఉంటుంది కూడా. ఇరవై దాటాక కవరు లేని రోజే నయమనిపిస్తుంది. ఎందుకో తెలియాలంటే ముందు పాత నల్ల సైకిలు దగ్గరికి వెళ్ళాలి.

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల ఊళ్ళలో ఇప్పటికీ తిరుగుతున్న ఆ సైకిలుకి వెడల్పాటి స్ప్రింగు సీటు ఉంటుంది. దాని హ్యాండిలు సీటు కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి మనిషి నిటారుగా కూర్చుంటాడు, ఒంటి బరువులో ఎక్కువ భాగం నేరుగా పిర్రల కింది రెండు ఎముకల మీద పడుతుంది. ఆ కూర్చోవడానికి వెడల్పు, స్ప్రింగు రెండూ సరిపోతాయి. రోడ్డు సైకిలుకి హ్యాండిలు సీటుతో సమానంగానో ఇంకా కిందకో ఉంటుంది. నడుము ముందుకు వంగినప్పుడు కటి ఎముక కూడా ముందుకు ఒరుగుతుంది. సీటుకి ఆనే చోటు వెనక ఎముకల నుంచి ముందుకు, తొడల మధ్యకి జరుగుతుంది. అక్కడ ఎముకల ఎడం తక్కువ, నరాలూ రక్తనాళాలూ ఉన్న మెత్తటి భాగం ఎక్కువ. బరువు కాళ్ళూ చేతులూ పిర్రలూ పంచుకుంటాయి. అందుకే పాత సైకిలు సీటు తెచ్చి రోడ్డు సైకిలుకి బిగించినా సుఖం రాదు. బిగించడమే కుదరదు కూడా. పాత సీటుకి 22.2 మి.మీ. సాదా పైపుని పట్టుకునే విడి క్లిప్పు ఉంటుంది. రోడ్డు సైకిలు సీటు పైపు సాధారణంగా 27.2 మి.మీ. ఉంటుంది, సీటు కింది కడ్డీలను పట్టే బిగింపు దాని తలలోనే ఉంటుంది.

నొప్పి ఒకటి కాదు, మూడు

"సీటు నొప్పెడుతోంది" అనే మాటలో మూడు వేర్వేరు బాధలు కలిసిపోయి ఉంటాయి. వాటి కారణాలు వేరు, మందులు వేరు. సీటు మీద సీటు కొంటూ డబ్బు పోగొట్టుకునేవాళ్ళలో చాలామంది వీటిని విడదీసి చూడకపోవడం వల్లే పోగొట్టుకుంటారు.

మొదటిది ఎముకల నొప్పి. పిర్రల్లో లోపల, రెండు చోట్ల, గట్టి బల్ల మీద ఎక్కువసేపు కూర్చున్నట్టు ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టినా, నెలలు మానేసి మళ్ళీ తొక్కినా మొదటి రెండు మూడు వారాలు ఇది వస్తుంది, క్రమంగా తగ్గుతుంది. ఈ మాత్రం దానికి సీటు మార్చక్కర్లేదు. రోజు విడిచి రోజు తక్కువ దూరాలు తొక్కితే చాలు. నెల దాటినా తగ్గకపోతే అప్పుడు వెడల్పుని, ఎత్తుని అనుమానించాలి.

రెండోది తిమ్మిరి. జననాంగాల దగ్గరో, వాటి వెనకో స్పర్శ తగ్గడం, చీమలు పాకినట్టు ఉండటం, దిగాక కాసేపటికి తిరిగి రావడం. ఆడవాళ్ళలో ఇది తరచు తిమ్మిరిగా కాక ముందు భాగంలో మంటగా, వాపుగా కనిపిస్తుంది. ఇది అలవాటు పడాల్సిన బాధ కానే కాదు. కాళ్ళ మధ్య నుంచి వెళ్ళే నరమూ రక్తనాళమూ సీటుకీ ఎముకకీ మధ్య నలుగుతున్నాయని దాని అర్థం. ఒక్కసారి వచ్చినా సర్దుబాటు చేసుకోవాలి. సైకిలు దిగిన చాలాసేపటికి కూడా స్పర్శ రాకపోతే తొక్కడం ఆపి డాక్టరుకి చూపించుకోవాలి.

మూడోది చర్మం బాధ: ఒరుపు, మంట, ఎర్రటి పొక్కులు, సెగగడ్డలు. దీనికి సీటు కంటే బట్టలు, చెమట, సీటు ఎత్తు ఎక్కువ కారణం. సముద్రం పక్కన గాలిలో తడి ఎక్కువ కాబట్టి మన వైపు ఇది మిగతా రెండింటి కంటే ఎక్కువగా వేధిస్తుంది.

ఇప్పుడు జెల్ కవరు సంగతి. బాగా మెత్తటి దాని మీద కూర్చుంటే ఎముకలు దిగబడతాయి. అవి దిగబడినంత మేర మధ్యలో జెల్ పైకి లేచి, సరిగ్గా నరాలున్న చోట ఒత్తుతుంది. ఎముకల నొప్పి తగ్గి తిమ్మిరి మొదలవుతుంది. కవరు అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి ఒరుపు కూడా తోడవుతుంది. బజారుకెళ్ళి కూరగాయలు తేవడానికి ఆ కవరు బాగానే పనికొస్తుంది. గంట దాటి తొక్కాలంటే గట్టిగా, సరైన వెడల్పుతో ఉన్న సీటే మేలు.

ఉన్న సీటునే ముందు సర్దండి

సీటు మార్చే ముందు ఉన్నదాన్ని ఈ వరసలో సర్దాలి: ఎత్తు, ముందువెనకలు, చివరికి వాలు. వరస మారితే ఒకటి సర్దగానే ఇంకొకటి చెడుతుంది. విప్పే ముందు సీటు పైపు చుట్టూ ఫ్రేము అంచు దగ్గర కరెంటు టేపు ఒక చుట్టు వేయండి. తేడా వస్తే పాత చోటికి రావచ్చు, తర్వాత పైపు జారిందేమో కూడా ఆ టేపే చెబుతుంది.

ఎత్తుకి, గోడకి వీపు ఆనించి చెప్పుల్లేకుండా నిలబడండి. గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ళ మధ్య పైకి, సీటు ఒత్తినంత గట్టిగా ఒత్తి పెట్టి, నేల నుంచి పుస్తకం పై అంచు దాకా కొలవండి. ఆ కొలతని 0.883తో గుణిస్తే క్రాంకు (పెడల్ బిగించి ఉండే చెయ్యి) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన దూరం వస్తుంది. కాలు కొలత 80 సెం.మీ. అయితే సీటు ఎత్తు 70.6 సెం.మీ. ఇది మొదలుపెట్టడానికి ఒక అంకె మాత్రమే. సరిచూసుకోవాలంటే గోడ పట్టుకుని సైకిలెక్కి, పెడల్‌ని అట్టడుక్కి తెచ్చి దాని మీద మడమ పెట్టాలి. నడుము పక్కకి వాలకుండా మోకాలు తిన్నగా చాచుకోవాలి. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలికి కొంచెం వంపు మిగులుతుంది. ఏ చెప్పులతో తొక్కుతారో వాటితోనే చూడండి. అట్ట లావుగా ఉన్న బూటుకీ పల్చటి చెప్పుకీ సెంటీమీటరు తేడా ఉండొచ్చు.

సీటు మరీ ఎత్తుంటే, వెనక వచ్చేవాళ్ళకి మీ నడుము ప్రతి తొక్కుడికీ కుడి ఎడమలకి ఊగుతూ కనిపిస్తుంది. ఆ ఊపే చర్మాన్ని ఒరిపిస్తుంది. మోకాలి వెనక కూడా లాగుతుంది. మరీ తక్కువుంటే కాళ్ళు బరువు మోయవు, బరువంతా సీటు మీద పడి ఎముకల నొప్పి పెరుగుతుంది, మోకాలి ముందు భాగం నొప్పెడుతుంది. మన ఊళ్ళలో రెండోదే ఎక్కువ. కాలు నేలకి ఆనాలని సీటు దించి పెట్టుకోవడం పాత అలవాటు. రోడ్డు సైకిలు ఆపినప్పుడు సీటు దిగి ముందుకొచ్చి నిలబడాలి, సీటు మీద కూర్చునే కాలు ఆనించాలని చూడకూడదు.

ముందువెనకల కోసం క్రాంకులు రెండూ నేలకి సమాంతరంగా ఉంచి, ముందు కాలి మోకాలి చిప్ప కింద నుంచి దారానికి కట్టిన నట్టు వేలాడదీయండి. అది దాదాపు పెడల్ ఇరుసు మీదుగా పడితే మొదటి చూపుకి చాలు. ఇందులో పెద్ద శాస్త్రం లేదు, మొదలుపెట్టడానికి ఒక గుర్తు అంతే. సీటుని 10 మి.మీ. వెనక్కి జరిపితే కాలికి ఎత్తు సుమారు 3 మి.మీ. పెరిగినట్టవుతుంది, కాబట్టి పైపుని అంత దించుకోవాలి. ఈ లెక్క మరిచిపోయి, "నిన్నటిదాకా బాగుంది, ఇవాళ మోకాలు లాగుతోంది" అనేవాళ్ళున్నారు.

చివరగా వాలు. సైకిలుని చదును నేల మీద నిలబెట్టి, సీటు మీద గట్టి పుస్తకం పరిచి, దాని మీద ఫోన్ పెట్టి లెవెల్ యాప్ చూడండి. సున్నా దగ్గర మొదలుపెట్టండి. తిమ్మిరి వస్తుంటే సీటు ముక్కుని, అంటే సన్నటి ముందు కొసని, ఒక డిగ్రీ దించి రెండు మూడు రోజులు తొక్కి చూడండి, చాలకపోతే ఇంకో డిగ్రీ. మూడు దాటితే ఒళ్ళు ముందుకి జారుతుంది. జారకుండా చేతులతో తోసుకుంటారు, అరచేతులూ భుజాలూ నొప్పెడతాయి. జారి ముక్కు మీదే కూర్చుంటే దేనికోసం దించారో అదే బాధ మళ్ళీ మొదలవుతుంది.

వాలు సరిగ్గానే ఉన్నా ఎప్పుడూ ముక్కు మీదకే జారుతున్నారంటే తప్పు సీటుది కాకపోవచ్చు. హ్యాండిలు దూరంగా ఉందేమో చూడండి. హ్యాండిలుని ఫ్రేముకి కలిపే స్టెమ్ 100 మి.మీ.ది ఉంటే 80కి మార్చి చూస్తే చాలాసార్లు సీటు గొడవే పోతుంది. సీటు కంటే చవకైన వస్తువు అది.

బాధ ఒక్క పక్కనే ఉంటే సీటు ముక్కు ఫ్రేము పైపుకి సూటిగా ఉందా, కడ్డీ ఏమైనా వంగిందా చూడండి. రెండూ బాగుంటే కాళ్ళ పొడవులో తేడా ఉండొచ్చు.

వెడల్పు: అట్టముక్క చెప్పేది

ఇంత సర్దినా బాధ పోకపోతే అప్పుడు కొత్త సీటు మాట. అన్నిటికంటే ముందు తెలియాల్సింది వెడల్పు. దానికి ఒళ్ళు లావా సన్నమా అన్నదానితో సంబంధం లేదు. లావుగా ఉన్న మనిషికి ఎముకల ఎడం తక్కువుండొచ్చు, బక్కపల్చటి మనిషికి ఎక్కువుండొచ్చు. ఆడవాళ్ళకి సగటున ఎక్కువే, కానీ మగవాళ్ళ కొలతలతో కలిసిపోయేవి బోలెడు. "లేడీస్ సీటు" అని రాసి ఉందని కొనకుండా, కొలిచి కొనాలి.

పొరల అట్టపెట్టె ముక్క ఒకటి కోసి అరుగు మీదో, గట్టి స్టూలు మీదో పరవండి. పల్చటి బట్టలతో దాని మీద కూర్చుని, కాళ్ళ కింద ఇటుకలు పెట్టి మోకాళ్ళు కొంచెం పైకి వచ్చేలా చూసుకోండి. సైకిలు మీద వంగినంత ముందుకి వంగి, చేతులతో అరుగు అంచు పట్టుకుని ఒంటిని కిందికి లాక్కోండి. అర నిమిషం చాలు. లేచి చూస్తే రెండు గుంటలు పడి ఉంటాయి. కనిపించకపోతే సుద్దముక్క అడ్డంగా రుద్దితే తేలతాయి. గుంటల మధ్య బిందువుల నుంచి కొలవండి, అంచుల నుంచి కాదు. మూడు ముక్కల మీద కొలిచి సరాసరి తీసుకోవడం మంచిది. చాలామందికి ఇది సుమారు 100కీ 140 మి.మీ.కీ మధ్య వస్తుంది.

దానికి 20 నుంచి 30 మి.మీ. కలపాలి. సీటు అంచులు గుండ్రంగా కిందికి వంగి ఉంటాయి, పెట్టె మీద రాసిన వెడల్పులో ఆ వంపు కూడా కలిసి ఉంటుంది. ఎముకలు ఆ వంపు మీద కాక చదునైన చోట ఆనాలి కదా. బాగా వంగి తొక్కేవాళ్ళు తక్కువ కలపాలి, నిటారుగా తొక్కేవాళ్ళు ఎక్కువ. కొలత 115 వచ్చి, మామూలుగా వంగేవాళ్ళయితే 140 దగ్గరి సీటు వెతుక్కోవాలి. రోడ్డు సీట్లు ఎక్కువగా 130 నుంచి 155 మి.మీ. మధ్య దొరుకుతాయి, ఇంకా వెడల్పువీ ఉన్నాయి.

ఇరుకు సీటు మీద ఎముకలు అంచుల బయటికి పోయి బరువు మధ్యలో పడుతుంది, తిమ్మిరి వస్తుంది. మరీ వెడల్పు సీటు తొడల లోపలి భాగాన్ని ఒరుస్తుంది. అంటే తిమ్మిరి ఉంటే వెడల్పు చాలలేదేమో అనీ, తొడ ఒరుసుకుంటే ఎక్కువైందేమో అనీ మొదట అనుమానించాలి.

ఆకారం సంగతిలో రెండు మాటలు చాలు. మధ్యలో చీలికో గాడో ఉన్న సీటు తిమ్మిరి ఉన్న చాలామందికి మేలు చేస్తుంది. కొందరికి ఆ చీలిక అంచులే గుచ్చుకుంటాయి, వాళ్ళకి వెడల్పాటి గాడి నయం. పొట్టి ముక్కు సీట్లు సుమారు 240 మి.మీ. పొడవుంటాయి, పాత రకం 270-280. అంతర్జాతీయ సైకిల్ సమాఖ్య పోటీల నియమం ప్రకారం సీటు 240కి తగ్గకూడదు, అందుకే తయారీదారులు చాలామంది అక్కడ ఆగారు. బాగా వంగి తొక్కేవాళ్ళకి ఈ పొట్టివి సాధారణంగా సుఖంగా ఉంటాయి. బిగించేటప్పుడు మాత్రం పాత సీటు ముక్కు ఎక్కడుందో కొత్తది అక్కడే పెట్టకూడదు. పెడితే మూడు నాలుగు సెంటీమీటర్లు ముందుకి కూర్చున్నట్టవుతుంది. రెండు సీట్లలోనూ 80 మి.మీ. వెడల్పు ఎక్కడొస్తుందో గీత గీసి, హ్యాండిలు నుంచి ఆ గీత దాకా దూరం ఒకటే ఉండేలా బిగించాలి. ఎత్తు కూడా ఆ గీత దగ్గరే కొలవాలి, ఎందుకంటే ప్రతి సీటుకీ కడ్డీ నుంచి పైభాగం దాకా మందం వేరు.

చదును రోడ్డు ఒక రకం, ఘాటీ ఇంకో రకం

బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు జాతీయ రహదారి చదునుగా ఉంటుంది. చదును రోడ్డు సుఖం అనుకుంటాం గానీ, సీటు విషయంలో అదే కష్టం. లేచి తొక్కాల్సిన అవసరం రాదు, గేరు మార్చే పని ఉండదు, గంటసేపు ఒకే చోట ఒకే ఒత్తిడి. వేసవిలో నైరుతి గాలి ఎదురైతే ఇంకా వంగుతారు, కటి ఇంకా ముందుకి ఒరుగుతుంది. ఇక్కడ తిమ్మిరికి మందు ఏ సీటులోనూ లేదు. ప్రతి పది పదిహేను నిమిషాలకి, ఓ గేరు బరువు పెంచి, పదిహేను సెకన్లు లేచి తొక్కాలి. గుర్తుండకపోతే కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టుకోండి, అయిదింటికి ఒకసారి.

కోరాపుట్ వైపు సంగతి వేరు. సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి మీదుగా పోయేవాళ్ళకి, కోరాపుట్ నుంచి జయపురం దిగి మళ్ళీ ఎక్కేవాళ్ళకి చదునులో సున్నాకి పెట్టిన సీటు అక్కడ సున్నాగా ఉండదు. 6 శాతం ఎత్తున్న రోడ్డు మీద సైకిలు మొత్తం 3.4 డిగ్రీలు వెనక్కి వాలుతుంది, 8 శాతమైతే 4.6. అంటే ఎక్కినంతసేపూ ముక్కు పైకి లేచి ఒత్తుతూనే ఉంటుంది. పైగా మెల్లగా ఎక్కేటప్పుడు సీటు దిగకుండా బలంగా తొక్కుతాం. ఘాటీలే ఎక్కువ తొక్కేవాళ్ళు ముక్కుని చదునులో ఒకటి రెండు డిగ్రీలు దించి ఉంచుకోవడం సబబు. దేవమాలి కొండ వైపు వెళ్ళే నిటారు ముక్కల్లో సీటు వెనక భాగానికి జరిగి కూర్చుంటే ముక్కు ఒత్తిడి తగ్గుతుంది.

గతుకుల రోడ్లకి సీటు కంటే టైరు గాలి ముఖ్యం. సైకిలు షాపుల్లో సన్న టైరు చూడగానే 110, 120 పీఎస్ఐ దాకా కొట్టేస్తారు. 70 కిలోల మనిషికి 28 మి.మీ. టైరులో 70-80 సరిపోతుంది, ముందు చక్రానికి ఇంకో ఐదు తక్కువ. ఫ్రేములో చోటుంటే 25 నుంచి 28కి మారడం కొత్త సీటు కంటే ఎక్కువ సుఖమిస్తుందనడంలో అతిశయోక్తి లేదు.

బట్ట, చెమట, వాన

జీన్సుకి సరిగ్గా సీటు ఆనే చోటే నాలుగు కుట్లు కలిసి లావుగా ఉంటాయి. గంట దాటే తొక్కుడుకి ప్యాడ్ ఉన్న షార్ట్ కొనండి, లోపల డ్రాయరు వేసుకోకండి. డ్రాయరు తడిని పట్టి ఉంచుతుంది, దాని కుట్టు ఒరుస్తుంది. బయటికి అలా తిరగడం బిడియమైతే పైన వదులు నిక్కరు వేసుకోవచ్చు. ఎక్కువ దూరాలకి ప్యాడ్ మీదా చర్మం మీదా పల్చగా క్రీము రాస్తే ఒరుపు తగ్గుతుంది. మామూలు పెట్రోలియం జెల్లీ కూడా పని చేస్తుంది, కాకపోతే ఉతికితే ఒక పట్టాన పోదు.

ఇంటికి రాగానే షార్ట్ విప్పి స్నానం చేయాలి. టీ తాగుతూ అరగంట ఆ తడితోనే కూర్చోవడం చర్మానికి చేసే పెద్ద చెరుపు. షార్ట్‌ని ప్యాడ్ బయటికి తిప్పి ఎండలో ఆరేయండి. జూన్ నుంచి అక్టోబరు దాకా రోజంతా ఆరినా ప్యాడ్ లోపల తడి ఉంటుంది కాబట్టి రెండు మూడు షార్టులు లేకుండా రోజూ తొక్కడం కష్టం.

పొక్కు లేచి నొక్కితే నొప్పెడుతుంటే వెంట్రుక కుదురు దగ్గర చీము పట్టిందని అర్థం. గిల్లకండి, గోరువెచ్చటి నీళ్ళ కాపడం పెట్టి నాలుగైదు రోజులు సైకిలెక్కకండి. గుండ్రటి అంచుతో ఎర్రగా వ్యాపిస్తూ దురద పెడుతుంటే అది తామర, ఒరుపు కాదు. మందుల షాపులో అడిగితే స్టెరాయిడ్ కలిసిన క్రీము చేతిలో పెట్టే ప్రమాదం ఉంది. అది రెండు రోజులు దురద తగ్గించి తర్వాత తామరని ఇంకా పెంచుతుంది, చర్మాన్ని పల్చబారుస్తుంది. గడ్డ పెరుగుతున్నా, జ్వరం వచ్చినా ఇంట్లో వైద్యం వద్దు.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

రోడ్డు సీట్లు చూసి, కూర్చుని కొనాలంటే ఇటు విశాఖకో అటు భువనేశ్వర్‌కో వెళ్ళడం మంచిది. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఎన్ని రోజులో ముందు చూడండి. పది నిమిషాల తొక్కుడుతో ఏ సీటు గురించీ తేలదు, కనీసం గంటన్నరవి రెండు మూడు కావాలి.

ఇనుము, టైటానియం కడ్డీలు గుండ్రంగా 7 మి.మీ. ఉంటాయి. కార్బన్ కడ్డీలు నిలువుగా 9 మి.మీ. దాకా ఉంటాయి, మామూలు బిగింపులో పెడితే నొక్కుకుపోయి విరుగుతాయి. బోల్టుని బిగింపు మీద ముద్రించిన టార్క్ అంకె (Nm) మేరకే బిగించాలి, కడ్డీల మీద గీతలు ఎంతవరకు ఉన్నాయో ఆ మేరలోనే పట్టించాలి. పైపు మీద ఉన్న కనీస లోతు గీత బయటికి కనపడకూడదు.

గోపాలపూర్, ఛత్రపురం చుట్టుపక్కల ఉప్పు గాలికి అల్యూమినియం పైపు ఫ్రేములో పట్టేస్తుంది. ఏడాది కదపకపోతే సీటు ఎత్తు మార్చడానికి వెల్డింగు షాపు దాకా పోవాల్సి రావచ్చు. మూడు నెలలకోసారి పైపు తీసి తుడిచి గ్రీజు రాయండి. పైపుగానీ ఫ్రేముగానీ కార్బన్‌దైతే గ్రీజు కాదు, దానికని దొరికే గరుకు పేస్టు రాయాలి.

తోలు సీటు ముచ్చట ఉన్నవాళ్ళకి ఒక మాట. 1866లో మొదలైన బర్మింగ్‌హామ్ బ్రూక్స్ కంపెనీ తోలు సీట్లని దూరాలు తొక్కేవాళ్ళు ఇప్పటికీ ఇష్టపడతారు. కొన్ని వందల కిలోమీటర్లలో తోలు మీ ఎముకల చోట గుంట పడి ఒదుగుతుంది. కానీ తడిసిన తోలు మీద కూర్చుంటే సాగి మధ్యలోకి వేలాడుతుంది, మన వానాకాలంలో బూజు కూడా పడుతుంది. ఏడాదికి రెండుసార్లు దాని మైనం రాయడం, వానొస్తే ప్లాస్టిక్ సంచి తొడగడం, ముక్కు కింది బోల్టుని అవసరమైతే పావు చుట్టు మాత్రమే బిగించడం చేయగలిగినవాళ్ళే కొనాలి. తడిసిపోతే నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే తోలు బిగుసుకుని పగుళ్ళిస్తుంది.